జున్ను మెడలో బిళ్ళ

కల్పలత తన పెళ్ళికి పద్నాలుగు మంది మనుషుల్నీ ఒక కుక్కనూ పిలిచింది. మనుషుల్లో ఎవరైనా రాకపోతే సర్దుకుంటాను గానీ కుక్క లేకుండా పీటల మీద కూర్చోను అని అందరికీ ముందే చెప్పేసింది. ఆ మాటకు నొచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. నొచ్చుకోనివ్వండి. ముప్పై ఆరేళ్ళు వచ్చేసరికి అమ్మా నాన్నా పోయి, ఉన్న ఒక్క అన్న ఫోన్ ఎత్తడం మానేస్తే, యాప్రాల్‌లో ఒంటి గది అద్దెకు తీసుకుని బతుకుతున్న మనిషి ఆమె. ఒకసారి జ్వరమొచ్చి మూడు రోజులు లేవలేకపోతే, మంచం పక్క నుంచి కదలకుండా ఉన్నది ఆ కుక్క ఒక్కటే. తన చుట్టాలందరి కంటే అదే దగ్గర చుట్టమని ఆమె అనుకుంటే తప్పు పట్టడానికి మనమెవరం?

దాని పేరు జున్ను. ఏడేళ్ళ కిందట వానలో కాలువ పక్కన దొరికిన వీధి కుక్క. మీగడ రంగు ఒళ్ళు. కుడి చెవి నిటారుగా ఉంటుంది, ఎడమ చెవి పుట్టినప్పటి నుంచీ వాలిపోయే ఉంది. పేరు పిలిస్తే చాలు, పడుకున్న చోటి నుంచే తోకతో నేలను బాదుతుంది.

పెళ్ళికొడుకు భానుప్రకాశ్ రైల్వేలో సిగ్నళ్ళ విభాగంలో పని చేస్తాడు. కల్పలత కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్షిస్తుంది. దగ్గరి అక్షరాలు కనిపించడం లేదని ఆయన ఒకరోజు వచ్చాడు, తర్వాత అక్షరాలు కనిపిస్తున్నా వస్తూనే ఉన్నాడు. నలభై ఒక్కేళ్ళు. పిల్లలు లేరు. మొదటి భార్య స్వర్ణలత మూడేళ్ళ కిందట డెంగీ జ్వరంతో ఐదో రోజున పోయింది. ఆ సంగతి ఆయన ఒక్కసారే చెప్పాడు, రక్తంలో ప్లేట్‌లెట్లు ఏ రోజు ఎన్ని పడిపోయాయో అంకెలతో సహా చెప్పి, ఇక ఎత్తలేదు. కల్పలత కూడా అడగలేదు. మంచివాడు, కుక్కను చూసి ముక్కు మూసుకోలేదు. ఆమెకు అంతకన్నా ఏం కావాలి?

పెళ్ళి ఆరుబయట అనుకున్నారు. షాపులో కల్పలతతో పాటు పనిచేసే క్యారల్‌కు యాప్రాల్ చివర వాళ్ళ మామయ్య ఖాళీ జాగా ఒకటి ఉంది. రెండు పెద్ద బండలు, నాలుగు వేపచెట్లు, చుట్టూ రాతి గోడ. కుక్కను పెళ్ళిలో ఎలా కలుపుకోవాలో క్యారల్ ఫోన్‌లో చదివి చదివి పండితురాలైంది. పుస్తెలను చిన్న పట్టు సంచిలో పెట్టి జున్ను మెడపట్టీకి తగిలించాలి. గోడ దగ్గర నుంచి క్యారల్ వదిలితే, బండ మీద నుంచి కల్పలత చప్పట్లు కొడితే, అది పరుగెత్తుకొచ్చి పుస్తెలు అందించాలి. ఉడికించిన కోడి ముక్కలు ఆశపెట్టి నెల రోజులు నేర్పించారు. మనుషుల్లో చాలామందికి లేని శ్రద్ధతో జున్ను నేర్చుకుంది.

చిక్కంతా భాను వాళ్ళమ్మ రాజ్యంతో వచ్చింది. ముత్తైదువగా పోయిన ఆడమనిషి ఇంటికి రెండో భార్యగా వెళ్ళే పిల్ల మెడలో, పుస్తెల కంటే ముందు ఒక చిన్న వెండి బిళ్ళ కట్టే ఆచారం కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఉంది. సవతి బిళ్ళ అంటారు. రూపాయి నాణెం కంటే చిన్నది, దాని మీద నాలుగు గీతల్లో ఒక ఆడ రూపం. పోయినామెకు ఇంట్లో చోటు చూపించడమన్నమాట. రాజ్యం రాంగోపాల్‌పేట్‌లో బ్రహ్మచారి అనే ముసలి కంసాలి చేత ఆ బిళ్ళ చేయించి, పసుపు నీళ్ళతో కడిగి, తమలపాకులో చుట్టి, పెళ్ళి రోజు పొద్దున్నే పట్టుకొచ్చింది.

కల్పలత ససేమిరా అంది. పోయినామె మీద గౌరవం ఉంది, ఫొటోకు దండం పెడతాను, ఏటా చీర పెడతాను, కానీ నా మెడలో ఇంకొక మనిషిని వేసుకు తిరగలేను అంది. రాజ్యం అరవలేదు. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, బిళ్ళ ఒళ్ళో పెట్టుకుని, అక్షింతల పళ్ళెం ముట్టనంది. భాను ఇద్దరి మధ్యా నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నాడు. పంతులుకు అదే పొద్దున ఇంకొక చోట ముహూర్తం ఉంది, ఆయన గొంతు సవరించుకుంటున్నాడు. ఇంకో పది నిమిషాల్లో ముహూర్తం దాటిపోతుంది. అప్పుడు, విసుగులోనూ కొంచెం వేళాకోళంలోనూ, కల్పలత ఆ మాట అనేసింది.

"జున్ను మెడల కడదాం అత్తమ్మా. అదీ నాదే గదా."

రాజ్యం బిళ్ళ పట్టుకుని కుర్చీలోంచి లేచింది.

"ఎవల మెడల కడితె ఆమె ఆడ్నే ఉంటది. నీ చేతులతోనే కట్టాలె. అక్కా, రా అని పిల్వాలె. తర్వాత నన్ను అనొద్దు."

కల్పలత నవ్వుతూనే కట్టింది. పసుపుతాడుకు బిళ్ళ గుచ్చి, జున్ను మెడ చుట్టూ మూడు ముళ్ళు వేసి, "అక్కా, రా" అంది. అప్పటిదాకా కోడి ముక్కల డబ్బా కోసం గంతులేస్తున్న జున్ను ఆగిపోయింది. ఒళ్ళంతా సన్నగా వణికి సర్దుకుంది. ఏడేళ్ళుగా వాలి ఉన్న ఎడమ చెవి మెల్లగా పైకి లేచి, కుడి చెవి పక్కన నిటారుగా నిలబడింది. భలే ముద్దుగా ఉందని క్యారల్ ఫొటో తీసింది.

బండ మీద కూర్చున్నాక కల్పలత చప్పట్లు కొట్టింది. జున్ను పరుగెత్తలేదు. క్యారల్ చూపించిన ముక్కల వైపు తల తిప్పలేదు. కాళ్ళకు కుచ్చిళ్ళు అడ్డం పడతాయేమో అన్నట్టు ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, తల వంచుకుని, నెమ్మదిగా నడిచి వచ్చింది. కల్పలత దగ్గరికి రాలేదు. వెనక నుంచి చుట్టి వెళ్ళి, భాను ఎడమ పక్కన కూర్చుంది. సంచి విప్పడానికి కల్పలతే లేచి అటు వెళ్ళాల్సి వచ్చింది. పుస్తెలు కడుతున్నప్పుడు జున్ను మెడ చాచి, కళ్ళు మూసుకుని, కదలకుండా నిలబడింది. దానికి సుత కట్టాల్నట అని ఎవరో అంటే అందరూ నవ్వారు. భాను చేతులు రెండో ముడి దగ్గర ఆగిపోయాయి. మూడోది వేయడానికి ఎంతసేపు పట్టిందంటే పంతులు రెండుసార్లు పేరుపెట్టి పిలవాల్సి వచ్చింది. రాజ్యం లేచి వచ్చి అక్షింతలు ముందు కుక్క తల మీద వేసి, ఆ తర్వాత కోడలి మీద వేసింది.

బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావి వెనక సందులో భాను వాళ్ళ ఇల్లు. గేటు దాటాక ఆరు మెట్లు, నాలుగో మెట్టు కదులుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళంతా అక్కడ తూలుతారు, కల్పలత కూడా తూలింది. జున్ను ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. నాలుగో మెట్టు మీద కాలు పెట్టకుండా దాటి ఎక్కింది. హాలు, మంచాల గది, వరండా ఏవీ వాసన చూడలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, కిటికీ కింద గచ్చు మీద, గిన్నెల అలమరకు ఎదురుగా కూర్చుంది. రాజ్యం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. స్వర్ణ ఆడ్నే కూసోని కూరగాయలు కోస్తుండె అని తనలో తాను చెప్పుకుంది.

కల్పలత చదువుకున్న మనిషి. కొత్త ఇల్లు, కొత్త వాసనలు, కుక్కలు అలాగే ఉంటాయి అని తనకు తాను నచ్చజెప్పుకుంది. మొదటి శనివారం జున్ను పొద్దున్నుంచి నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. సాయంత్రం దీపం పెట్టాక లేచి నాలుగు ముద్దల అన్నం తింది. రెండో శనివారం కూడా అంతే. స్వర్ణలత శనివారం ఒక్కపొద్దు ఉండేదని పక్కింటామె మాటల్లో తెలిసింది. భాను తినేదాకా జున్ను గిన్నె ముట్టేది కాదు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడిస్తే వాటిని నోటితో పట్టి గోడ పక్కన జతగా పెట్టేది. "జున్నూ" అని పిలిస్తే తల ఎత్తేది కాదు. రాజ్యం వంటింట్లోంచి అలవాటుగా "స్వర్ణా" అని గొణిగితే రెండు చెవులూ అటు తిరిగేవి.

అది కల్పలతను కరవలేదు, గుర్రుమనలేదు. అలా చేసినా బాగుండేది. ఆమె షాపు నుంచి అలసిపోయి వచ్చి కూర్చుంటే జున్ను దూరం నుంచి చూసేది. ఇంటికి కొత్తగా వచ్చిన చిన్నపిల్లను పెద్దామె చూసే చూపు, దయగా, కొంచెం జాలిగా. ఏడేళ్ళు తన మంచం కింద పడుకున్న ప్రాణి కళ్ళల్లోంచి ఆ చూపు వస్తుంటే కల్పలత లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేది.

భాను మారాడు. డ్యూటీ అయిన వెంటనే ఇల్లు చేరుతున్నాడు. వంటింట్లో కింద కూర్చుని, కుక్క వీపు నిమురుతూ, రోజు సంగతులన్నీ చెబుతున్నాడు. పై ఆఫీసరుతో గొడవ, మోకాలి నొప్పి, ఇల్లు అమ్మేయాలని ఒకసారి అనుకున్న సంగతి. కల్పలతకు చెప్పనివన్నీ దానికి చెబుతున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి ఆమె విన్నది. విడ్డూరంగా ఉంటుంది గానీ, మొగుణ్ణి పంచుకోవడం ఆమెకు అంత కష్టంగా లేదు. కుక్కను పోగొట్టుకోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు. ఒక పొద్దున అడిగేసింది, నీకు తెలుసు కదా, అది జున్ను కాదని నీకు తెలుసు కదా అని. ఆయన తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"మూడేండ్లయింది కల్పా, ఈ ఇల్లు ఇల్లు లెక్క ఉండక. జెర ఉండనీ."

ఆ ఆదివారం ఆమె జున్నుకు స్నానం చేయించడానికి డాబా మీదికి తీసుకెళ్ళి, కత్తెరతో పసుపుతాడు కత్తిరించేసింది. జున్ను పెనుగులాడలేదు. కత్తెర వైపు చూసి, తర్వాత ఆమె మొహంలోకి చూసి, మెడ ముందుకు చాచి ఇచ్చింది. కల్పలత బిళ్ళను ఒక డబ్బాలో వేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. కిందికి వచ్చి దాని పేరు పిలిచింది. ఎవరూ రాలేదు. సాయంత్రానికి జున్ను ఒళ్ళు కాలిపోతోంది.

పశువుల డాక్టరు రక్తం తీసి చూశాడు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఈ కాలంలో మామూలే అన్నాడు. సూదులు వేశాడు, సెలైన్ ఎక్కించాడు. రెండో రోజు ఇంకా పడిపోయాయి. మూడో రోజు ముక్కులోంచి సన్నగా రక్తం వచ్చింది. ఆ కాగితం మీద అంకెలు చూసి భాను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గదిలోకి రాలేదు. ఆ అంకెలు ఆయన ఒకసారి చూసినవే. నాలుగో రోజు మధ్యాహ్నం డాక్టరు సెలైన్ తీసేసి, ఇంటికి తీసుకెళ్ళండి, చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో కల్పలతకు తెలుసు. ఐదో రోజంటే ఏమిటో కూడా ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

కల్పలత జున్నును ఒళ్ళో వేసుకుని నేల మీద కూర్చుని ఏడ్చింది. తన చేత్తో కట్టింది, తన చేత్తో తెంచింది. రాజ్యం వచ్చి పక్కన చతికిలబడింది. దెప్పిపొడవడానికి వచ్చిందేమో అనుకుంది గానీ అలాంటిదేం లేదు. ముసలామె మొహంలో బాధే ఉంది.

"కట్టినంక ఊర్కె తెంపరాదు బిడ్డా. ఇంకో మెడకు మార్చాలె. లేకుంటె ఉన్న మెడను తీస్కపోతది."

తన మెడకు కట్టుకుంటే ఏమవుతుందని కల్పలత అడిగింది. రాజ్యం పైట కొంచెం తొలగించింది. మెడలో, పూసల దండ కింద, అరిగిపోయి గీతలు కనబడని వెండి బిళ్ళ ఒకటి ఉంది.

"నేను సుత రెండో పెండ్లామునే. మా అమ్మ నాకు పెట్టిన పేరు పుష్పమ్మ. రాజ్యం ముందటామె పేరు."

ఎప్పటి నుంచి ఆ పేరుతో పిలుస్తున్నారో గుర్తు లేదంది. ఎవరు మొదలుపెట్టారో కూడా గుర్తు లేదు. నొప్పి, తక్లీఫ్ ఏం ఉండదు బిడ్డా, నీకేం తెల్వది, జెర జెరగా అయితది అంది. పుట్టింటి ఇల్లు ఏ వీధిలో ఉండేదో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తుకు రాదట. ఆ మాట చెప్పి, కల్పలత తల నిమిరి, లేచి వెళ్ళిపోయింది.

అన్నీ తెలిసే కల్పలత ఆ పని చేసిందని చెప్పాలి. ఒళ్ళో జున్ను ఊపిరి ఆగి ఆగి వస్తోంది. పళ్ళ చిగుళ్ళు తెల్లబడిపోయాయి. కల్పలత ఎక్కువసేపు ఆలోచించలేదు. బీరువా తెరిచి, కొత్త దారం తీసి, బిళ్ళ గుచ్చి, తన మెడలో తానే కట్టుకుంది. ఈసారి నవ్వలేదు. "అక్కా, రా" అంది. ఏమీ జరగలేదు. ఒళ్ళు వణకలేదు, కళ్ళు తిరగలేదు. వెండి చల్లగా తగిలి, కాసేపటికి ఒంటి వేడికి వెచ్చబడింది.

సాయంత్రం జున్ను నీళ్ళు తాగింది. ఐదో రోజు గడిచిపోయింది. ఆరో రోజు లేచి నిలబడింది, వారానికి మెట్లు దిగింది. ఎడమ చెవి మళ్ళీ వాలిపోయింది. శనివారం పొద్దున్నే కోడి ముక్కల కోసం గిన్నెను నేలకేసి కొట్టింది. నాలుగో మెట్టు మీద తూలి పడింది. దాన్ని చూసి కల్పలత పట్టరాని సంతోషంతో నవ్వింది. తను పోగొట్టుకున్నది తనకు తిరిగి వచ్చిందని అనుకుంది. భాను కూడా నవ్వాడు. ఈమధ్య ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఆమె పక్కనే కూర్చుంటున్నాడు. అన్నీ చెబుతున్నాడు.

ఒక సాయంత్రం ఆమె కిటికీ కింద గచ్చు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. హాల్లోంచి భాను స్వర్ణా, చాయ్ పెడతావా అని అడిగాడు. ఆ, పెడుతున్న అని లేచి, నీళ్ళు పొయ్యి మీద పెట్టి, పంచదార డబ్బా కోసం చేయి చాచినప్పుడు గానీ ఆ పేరు ఆమె చెవికి తగల్లేదు. తగిలినా అంత వింతగా అనిపించలేదు. అప్పుడే జున్ను గోళ్ళ చప్పుడు వినిపించింది. "జున్నూ" అని పిలిచింది. అది గుమ్మం దగ్గరికి వచ్చి ఆమెను చూసింది. తోక ఊపలేదు. పరాయి ఇంట్లో పెద్దవాళ్ళు పిలిస్తే నిలబడ్డట్టు మర్యాదగా ఒక క్షణం నిలబడి, వెళ్ళిపోయింది.

అది మంచాల గదిలోకి వెళ్ళి కల్పలత పాత చున్నీ వాసన చూసింది. మంచం కింద చూసింది. తలుపు వెనక తగిలించిన ఆమె షాపు సంచిని ముక్కుతో పొడిచింది. వరండాలోకి, స్నానాల గదిలోకి, మళ్ళీ హాల్లోకి. ప్రతిసారీ వంటింటి ముందు నుంచే వెళ్ళింది, ప్రతిసారీ ఆమెను దాటుకుని వెళ్ళింది. చివరికి కల్పలత చెప్పు ఒకటి నోట కరుచుకుని మెట్లు దిగి, గేటు దగ్గర పెట్టుకుని, సందు చివరికి చూస్తూ కూర్చుంది.

ఆమె పొయ్యి ఆర్పి, దాని వెనకే వెళ్ళి, గేటు పక్కన కూర్చుంది. జున్ను ఆమె చేయి వాసన చూసింది. కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. స్కూటర్ చప్పుడు వినిపిస్తే లేచేది, అది దాటిపోతే కూర్చునేది. ఎదురు చూసే ప్రాణిని చూస్తుంటే ఆమెకు జాలేసింది. ఏడేళ్ళు పెంచిన మనిషి, ఇంత పొద్దుపోయినా ఎక్కడికి వెళ్ళిందో ఏమో. దీపాలు పెట్టే వేళ దాటాక రాజ్యం పై నుంచి గేటు వేసి రమ్మని చెప్పింది. ఆమె సందు వైపు నుంచి కళ్ళు తిప్పకుండానే జవాబు చెప్పింది.

"జెర ఆగున్రి అత్తమ్మా. కల్పలత ఇంకా రాలే."